మందుకును మనిషికిని నడుమనున్న దూరము



మీ ఇంట అరువది ఏండ్లు దాటిన పెద్దలున్నయెడల ఒకసారి వారి చేతిని చూడుడి. కొందరికి జబ్బమీద, కొందరికి ముంజేతిమీద గుండ్రని మచ్చ యొకటి కనబడును. అది మశూచి టీకా మచ్చ. నేను ఏబది దాటినవాడను గనుక నా చేతిమీదను ఉన్నది. నా పిల్లలకు లేదు. ఆ వ్యాధియే భూమిమీద లేకుండ పోయినందున వారికి ఆ టీకాతో పని లేకపోయెను.

ఆ మచ్చ దానంతటదే పడలేదు. ఎవరో ఒకరు మన ఊరికి నడచి వచ్చి, మన గుమ్మము ముందు నిలిచి, భయపడుచున్న మన అవ్వలతోను తాతలతోను మాటలాడి వేసిన మచ్చ అది. అట్లు నడచి వచ్చినవారిని గూర్చియు, రావలసియుండి రానివారిని గూర్చియు ఈ నెల కొంత చరిత్ర మీకు చెప్పదలచితిని. రానివారిలో నేనును ఒకడను. ఆ సంగతి కూడ దాచక చెప్పెదను.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడు 1796 మే 14న, పాలు పితుకు ఒక స్త్రీ చేతిమీద లేచిన గోమశూచి పొక్కునుండి రసి తీసి, ఎనిమిదేండ్ల బాలునికి వేసెను. మన దేశములో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పాపకు పడెను. నడుమ ఆరేండ్లు గడచెను. ఆ కాలమున మంచుపెట్టెలు లేవు. సీసాలో పోసి ఓడలో పంపిన రసి వేడికి చెడిపోవుచుండెను. చెడకుండ తెచ్చుటకు నమ్మదగిన ఉపాయమొకటి: ఒకరి చేతిమీద పొక్కు లేచిన వారము దినములకు దానినుండి తీసి మరియొకరికి వేయుట, వారినుండి ఇంకొకరికి వేయుట. ఈ విధముగా బాగ్దాదు మీదుగా, బస్రా మీదుగా అది బొంబాయి చేరెను. అక్కడనుండి మద్రాసు మొదలగు చోట్లకును చేతినుండి చేతికే పోయెను. మనిషి తోడు లేనిదే ఆ మందు ఒక్క అడుగైనను వేయలేదు.

మందు వచ్చెను గాని నమ్మకము దానితోకూడ రాలేదు. మశూచిని అమ్మవారని కొలుచు ఇండ్లలో, పరదేశి దొరల సేవకుడు వచ్చి బిడ్డ చేయి గీరెదననిన ఎవరు ఒప్పుకొందురు? ఇందుకు కొందరు ఒక అడ్డదారి త్రొక్కిరి. 1819లో మద్రాసు పత్రిక యొకదానిలో ఒక లేఖ అచ్చుపడెను. గోమశూచి టీకా క్రొత్తది కాదనియు, ధన్వంతరి పేరనున్న ప్రాచీన సంస్కృత గ్రంథములో అది చెప్పబడియున్నదనియు దాని సారాంశము. తరువాతి కాలమున పండితులు వెదకి చూడగా పాత వైద్య గ్రంథములలో అట్టి మాట ఎక్కడను దొరకలేదు. జనులను ఒప్పించుటకై ఎవరో కల్పించినదే యని చరిత్రకారులు తలంచుచున్నారు. ఉద్దేశము మంచిదే కావచ్చును. అయినను మేలైన పనికి అబద్ధము తోడు తెచ్చుకొనిన, అబద్ధము బయటపడిన దినమున మేలైన పనికూడ అనుమానము పాలగును. పెద్దలకు సహాయము చేయగోరువారు దీనిని మొదట జ్ఞాపకముంచుకొనవలెను.

అట్లే జరిగిన కీడును దాచుటయు తగదు. ప్లేగు మన దేశమును పట్టి పీడించుచున్నప్పుడు వాల్డెమార్ హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు బొంబాయిలో దానికి టీకా తయారుచేసి, 1897 జనవరి 10న మొదట తనకే వేసికొనెను. వేలమంది వేసికొనిరి. అయితే 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ అను గ్రామములో 107 మందికి టీకా వేయగా వారిలో 19 మంది ధనుర్వాతమువలన మరణించిరి. ఆ పందొమ్మిదిమందికిని ఒకే సీసాలోని మందు వేయబడెను. హాఫ్కిన్‌ను పనినుండి తప్పించిరి. సీసాను విప్పిన చోటనే అది కలుషితమైనదనియు, ఆయన దోషి కాడనియు తేలుటకు 1907 వరకు పట్టెను. 1925లో ఆ బొంబాయి సంస్థకు ఆయన పేరే పెట్టిరి. కాని ఒక సీసా చేసిన కీడు, వేల సీసాలు చేసిన మేలుకంటె ఎక్కువ దూరము ప్రయాణము చేసెను. కాబట్టి ఒక ముసలి తల్లి “సూది వేయించుకొని పోయినవారు లేరా?” అని అడిగినప్పుడు ఆమెను తెలివిలేనిదనకుడి. ఆమె అడిగినది చరిత్రకు తెలిసిన ప్రశ్నయే. దానికి నిదానముగా, నిజముగా జవాబు చెప్పుట మన ధర్మము.

మన తెలుగు గడ్డమీదను ఇట్టి నిజాయితీకి ఒక సాక్ష్యము కలదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో మిషనుల వారందరు కలిసి నడిపిన క్షయ వైద్యశాలను మీరెరుగుదురు. మన దేశములో బి.సి.జి. టీకా మొట్టమొదట ప్రయోగాత్మకముగా 1948లో ప్రారంభమైన చోట్లలో మదనపల్లె ఒకటి. తరువాత దేశమంతటను అది వ్యాపించెను. అయినను అది పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఎంతవరకు ఆపునో తెలిసికొనుటకు చెంగల్పట్టు ప్రాంతములో రెండు లక్షలకు పైగా జనులతో గొప్ప పరిశోధన జరిపిరి. 1979లో వెలువడిన ఫలితము నిరాశ కలిగించెను. పెద్దలలో ఆ రక్షణ కనబడలేదు. ఆ మాటను వారు దాచలేదు. పసిబిడ్డలకు వచ్చు ప్రమాదకరమైన క్షయ రూపములనుండి కాపాడునని బిడ్డలకు మాత్రము నేటికిని వేయుచున్నారు. ఇది చేయును, ఇది చేయదు అని విడదీసి చెప్పగలిగినవారినే జనులు చాలకాలము నమ్ముదురు.

ఇక మశూచి కథకు వత్తము. 1973 నాటికి టీకా పుట్టి నూట డెబ్బదియేడు ఏండ్లు గడచినను మన దేశములో అమ్మవారు పోలేదు. మందు కొరత కాదు. కొరత మరియొకచోట నుండెను. ఆ సంవత్సరము పద్ధతి మార్చిరి. రోగి ఆసుపత్రికి వచ్చువరకు కాచియుండక, లక్షమందికి పైగా ఆరోగ్య సేవకులు బొమ్మ చీటీలు చేత పట్టుకొని ఇంటింటికి పోయి, “ఇట్టి పొక్కులు ఎవరికైనను ఉన్నవా?” అని అడుగుచు తిరిగిరి. ఒక్కొక్క విడతలో పదికోట్ల ఇండ్లు చూచిరి. రోగి కనబడిన చోట చుట్టునున్న వారందరికి రెండు మొనల సూదితో టీకాలు వేసిరి. కొన్ని చోట్ల తలుపులు బలవంతముగా తెరపించి వేసిన సందర్భములును కలవు. అది మెచ్చుకొనదగినది కాదు. అయినను గుమ్మము వరకు పోవుట అను ఆ ఒక్క మార్పువలన 1975 మే నెల తరువాత మన దేశములో మశూచి రోగి కనబడలేదు. 1977లో దేశమును, 1980 మే 8న లోకమంతయును ఆ వ్యాధినుండి విడుదల పొందినట్లు ప్రకటించిరి.

చదువరీ, ఇంత చరిత్ర ఎరిగిన మనము 2021లో ఏమి చేసితిమో ఇప్పుడు చూతము.

కోవిడ్ వ్యాధిని ప్రపంచ మహమ్మారిగా 2020 మార్చి 11న ప్రకటించిరి. అది ముసలివారినే ఎక్కువగా పట్టి తీసికొనిపోవుచుండెను. ఏడాది తిరుగకముందే టీకాలు సిద్ధమగుట చరిత్రలో అంతకుముందు ఎన్నడును లేదు. పుణెలో తయారైన కొవిషీల్డ్, హైదరాబాదులో తయారైన కొవాగ్జిన్ అను టీకాలతో 2021 జనవరి 16న మన దేశములో పని ప్రారంభించిరి. మొదట వైద్య సిబ్బందికి వేసి, మార్చి 1నుండి అరువది దాటినవారికి తలుపు తెరచిరి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. ప్రైవేటు ఆసుపత్రులలో అప్పుడు 250 రూపాయలు.

తలుపు తెరచిరి గాని ఆ తలుపు ఎక్కువగా ఫోనులో ఉండెను. కోవిన్ అను దానిలో పేరు నమోదు చేసికొనవలెను. ఫోనుకు ఓటీపీ అను ఆరంకెల సంఖ్య వచ్చును. దానిని తిరిగి కొట్టవలెను. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపవలెను. నిజమునకు పెద్దలు నేరుగా కేంద్రమునకు పోయినను అక్కడనే పేరు వ్రాసికొని టీకా వేయుదురు. ఒక ఫోను నంబరు మీద నలుగురి పేర్లు వ్రాయించుకొను వీలుకూడ అప్పుడుండెను. కాని ఈ సంగతులు ఫోను చూడగలవారికే ఎక్కువగా తెలిసెను. మశూచి కాలమున సూది మనిషిని వెదకుచు పోయెను. ఈ కాలమున మనిషియే సూదిని వెదకవలసి వచ్చెను.

మా సంఘములో ఒక పెద్దమ్మగారు ఉండిరి. డెబ్బది నాలుగేండ్లు. భర్త పోయి చాలకాలమాయెను, ఒక్కతియే ఉండుచుండిరి. ఆ మార్చి నెలలో నేను మూడు ఆదివారములు వరుసగా ప్రకటనలలో “పెద్దలందరు టీకాకు పేరు నమోదు చేయించుకొనవలెను” అని చదివితిని. వాట్సాపులోను పంపితిని. నా పని ముగిసినదని తలంచితిని. మూడవ ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆమె తన చిన్న ఫోనును చేతిసంచిలోనుండి తీసి, “అయ్యగారూ, ఇందులో ఎలా చేయాలో కాస్త చూస్తారా?” అని అడిగిరి. నాకు వేరొక కూడిక ఉండెను. “మీ మనుమడితో చేయించుకోండమ్మా” అని చెప్పి పోతిని. మనుమడు బెంగుళూరులో ఉన్నాడని నాకు తెలియును.

ఆ వారములోనే ఆమెకు ఫోను వచ్చెను. టీకా కార్యాలయమునుండి మాటలాడుచున్నానని ఒక యౌవనస్థుడు చెప్పెను. పెద్దలకు ముందుగా పేరు వ్రాయుచున్నామనెను. ఆధార్ అంకెలు అడిగెను. ప్రభుత్వము ఖాతాను సరిచూడవలెనని బ్యాంకు కార్డుమీది అంకెలు అడిగెను. ఇప్పుడొక సంఖ్య వచ్చును, దానిని చెప్పుమనెను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కొక్క అంకె చదివి చెప్పిరి. ఇరువదిమూడు వేల రూపాయలు పోయెను. తన భూస్థాపన ఖర్చు ఎవరిమీదను పడకూడదని పింఛను డబ్బులోనుండి కూడబెట్టుకొనిన సొమ్ము అది.

ఆమెతోకూడ పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు వ్రాసి ఇచ్చితిని. సొమ్ము తిరిగి రాలేదు. ఇంటికి వచ్చుచు ఆటోలో నేను ఆ మోసగానిని నిందించుచుండగా ఆమె మెల్లగా, “ఏం చేస్తాం అయ్యగారూ. కాని ఆ అబ్బాయి నాతో ఎంత ఓపికగా మాట్లాడాడో! అమ్మమ్మా, అమ్మమ్మా అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడాడు” అనిరి. ఆమె నన్ను దెప్పవలెనని అనలేదు. అందుచేతనే ఆ మాట నాకు బాగుగా తగిలెను. నేనామెకు ఐదు నిమిషములు ఇయ్యలేదు. దొంగ ఇరువది ఇచ్చెను.

ఆ దినమునుండి నాకొక సంగతి తెలిసినది. మందుకును ముసలివారికిని నడుమ ఒక దూరమున్నది. దానిని నమ్మకమైన మనిషి నడువనియెడల మోసగాడు నడుచును. ముసలివారు ఆశవలన మోసపోవుదురని మనము తేలికగా అందుము. ఆమెకు ఆశ లేదు. సహాయము కావలసి అడిగిరి. సహాయము చేయుదునన్న గొంతు మొదట వినబడినది అదియే.

ఆమె ఒక్కరే కాదు. ఆ సంవత్సరము జనవరిలోనే కోవిన్ పేరున దొంగ యాప్‌లు వచ్చినవని ఆరోగ్య మంత్రిత్వ శాఖ హెచ్చరించెను. ముంబయిలోని కాందివలిలో మే 30న ఒక గృహసముదాయములో టీకా శిబిరము పెట్టి, మనిషికి 1,260 రూపాయల చొప్పున సుమారు 390 మందివద్ద తీసికొనిరి. ఎవరికిని జ్వరము రాకపోవుటయు, ధ్రువపత్రములు వేర్వేరు ఆసుపత్రుల పేర్లతో వచ్చుటయు చూచి వారికి అనుమానము కలిగెను. ఆ నగరములో ఇట్లు మోసపోయినవారు రెండువేలకు పైగా ఉన్నారని తరువాత తేలెను. జూన్‌లో కలకత్తాలోని కస్బాలో ఒకడు ఐ.ఏ.ఎస్. అధికారినని చెప్పుకొని శిబిరము నడిపెను. అక్కడ పార్లమెంటు సభ్యురాలొకరు కూడ టీకా వేయించుకొనిరి. ఫోనుకు సందేశము రాకపోవుటచేత ఆమె అనుమానించి తెలియజేయగా గుట్టు బయటపడెను. ఆ సీసాలపై కొవిషీల్డ్ చీటీ అతికించియుండగా, క్రింద అమికాసిన్ అను వేరొక మందు చీటీ ఉండెనని చెప్పిరి. చదువుకొనినవారు, పదవిలోనున్నవారు సహితము మోసపోయినప్పుడు ఒంటరి విధవరాలిని ఎవరు తప్పు పట్టగలరు?

ఏప్రిల్ మొదటి వారములో నేను ఆ పెద్దమ్మగారిని ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోతిని. ఆధార్ కార్డు చూపితిమి. అక్కడి అమ్మాయి పేరు వ్రాసికొనెను. సూది వేసి అరగంట కూర్చుండబెట్టిరి. ఓటీపీ ఆమె ఫోనుకు వచ్చినప్పుడు నర్సు ఎదుటనే చదివితిమి. అంతయు కలిసి రెండు గంటలైన పట్టలేదు. డబ్బు ఒక్క పైస అడుగలేదు. ఇంత సుళువైన పనికి ఆమె భూస్థాపన సొమ్ము బలియాయెను.

తరువాత మా యౌవనస్థులలో నలుగురిని కూర్చి, వీధుల వారీగా పెద్దల పేర్లు వ్రాసితిమి. ఒక ఫోనుమీద నలుగురి పేర్లు వ్రాయవచ్చునని తెలిసినప్పుడు, పక్షవాయువు గలవానిని మంచముతో మోసికొని వచ్చిన నలుగురు నాకు జ్ఞాపకము వచ్చిరి. వారు అతనికి ప్రకటన చదివి వినిపించలేదు; మోసికొని వచ్చిరి. ఏప్రిల్‌లో ఇరువదిమందికి పైగా పెద్దలను తీసికొనిపోయితిమి. కాని మా పట్టికలో చివరి వీధికి పోవునప్పటికి మే నెల వచ్చెను. రెండవ అల ఉప్పెనవలె లేచెను. టీకాలు కరవై, ఉన్నవాటిని రెండవ మోతాదువారికి మొదట ఇచ్చుచుండిరి. ఆ వీధిలోని ఒక తాతగారు ఆ నెల మూడవ వారములో ప్రభువునందు నిద్రించిరి. ఆయన టీకా వద్దనలేదు. మేము రావడము ఆలస్యమాయెను. టీకా వేసికొనినయెడల తప్పక బ్రదికియుండెడివారని నేను చెప్పజాలను. ఆయన గుమ్మమునకు మార్చిలో పోవలసినవాడను మేలో పోయితినని మాత్రము చెప్పగలను.

ప్రభుత్వమును ఈ పాఠమును మెల్లగా నేర్చుకొనెను. పెద్దలకును వికలాంగులకును ఇంటికి దగ్గరగా, పంచాయతీ భవనములలోను పాఠశాలలలోను కేంద్రములు పెట్టవచ్చునని మే 27న సూచనలు వచ్చెను. ఫోను, ఇంటర్నెట్టు లేనివారు వెనుకబడుదురను సంగతిని మే 31న సుప్రీంకోర్టు ఎత్తి చూపెను. మన ఆంధ్ర రాష్ట్రములో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, గ్రామ వాలంటీర్లు ఇండ్ల వెంట తిరిగి పేర్లు వ్రాసిరి. జూన్ 20న ఒక్క దినములో 13 లక్షలకు పైగా టీకాలు వేసిరి. మంచము దిగలేనివారికి ఇంటియొద్దనే వేయవచ్చునని సెప్టెంబరు 23న కేంద్రము ప్రకటించెను. నవంబరులో ఇంటింటి తలుపు తట్టు కార్యక్రమము పెట్టిరి. లెక్క చూడుడి: అరువది దాటినవారికి తలుపు తెరచిన మార్చి 1నుండి సూది మంచమువద్దకు పోవచ్చునని చెప్పినంతవరకు దాదాపు ఏడు నెలలు. 1973లో ఎరిగిన సత్యమును 2021లో మరల నేర్చుకొనుటకు పట్టిన కాలము అది. ఎండలో తిరిగిన ఆ ఆశా అమ్మలను మనము మరువరాదు. వారే మన కాలపు చేతినుండి చేతికి వచ్చిన గొలుసు.

ఇప్పుడు ఆ మహమ్మారి గడచెను. అయినను పెద్దలకు టీకాల పని తీరలేదు. ఫ్లూ జ్వరమునకును న్యుమోనియాకును పెద్దలకు టీకాలు కలవు. వారి ఒంటికి ఏది తగునో వైద్యుడు చెప్పును. మోసగాండ్రును ఊరకుండలేదు. నాడు టీకా పేరు చెప్పినవారు నేడు పింఛను పేరు, కరెంటు బిల్లు పేరు, పోలీసు పేరు చెప్పుచున్నారు. కాబట్టి నేను ఆలస్యముగా నేర్చినదానిని మీకు ముందుగా అప్పగించుచున్నాను.

మీ ఇంటి పెద్దలకు, పొరుగింటి పెద్దలకు ఈ మూడు మాటలు చెప్పుడి. ఫోనుకు వచ్చిన ఓటీపీని ఫోనులో అడిగినవారికి చెప్పకూడదు. టీకా కొరకు బ్యాంకు కార్డు అంకెలు ఏ ఆసుపత్రియు ఫోనులో అడుగదు. తొందరపెట్టువాడెవడైనను, ఫోను పెట్టివేసి ఇంటివారిని అడిగి చెప్పెదనని అనవలెను. నిజమైన పని సాయంకాలము వరకు ఆగును. ఒకవేళ సొమ్ము పోయినయెడల సిగ్గుపడి దాచుకొనకుండ వెంటనే 1930 అను నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు తెలుపవలెను. ఎంత త్వరగా చెప్పిన అంత మంచిది. పెద్దల ఇతర కష్టములకు 14567 అను నంబరు కలదు. ఈ నంబర్లను పెద్ద అక్షరములతో కాగితముమీద వ్రాసి గోడకు అంటింపుడి. సొమ్ము పోగొట్టుకొనిన పెద్దను కోపపడకుడి. కోపపడితిరా, రెండవసారి మోసపోయినప్పుడు వారు మీకు చెప్పరు.

అయితే చదువరీ, చెప్పి ఊరకుండవద్దు. చెప్పుట నేను మూడు ఆదివారములు చేసితిని. టీకా కేంద్రమునకు గాని, బ్యాంకునకు గాని, పెద్దలతోకూడ పోవుడి. వారు ఫోను చేతికిచ్చి “కాస్త చూస్తావా?” అని అడిగినప్పుడు కూర్చుండి చూడుడి.

ఆ పెద్దమ్మగారు తన రెండవ మోతాదుకు మాతోకూడ వచ్చినప్పుడు ఒంటరిగా రాలేదు. భయపడుచున్న పొరుగింటి అవ్వ నొకతెను చేయి పట్టుకొని తెచ్చిరి. “నేనున్నాగా, పద” అని ఆమెను ముందు కూర్చుండబెట్టి, తాను వెనుక వరుసలో నిలిచిరి.